ఒక తెర, 42 మంది పిల్లలు

మేడమ్ గారూ, మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిది, పది తరగతులకు భౌతికశాస్త్రం చెబుతున్నారు. గదిలో గోడకు పెద్ద టచ్ ప్యానెల్ ఉంది, నెట్ వస్తూ పోతూ ఉంటుంది, పిల్లలు 42 మంది. రోజూ డిజిటల్ పాఠం నడపమని హెచ్‌ఎం గారు అంటున్నారు. మీరు వీడియోలు వేస్తున్నారు, పిల్లలు కదలకుండా చూస్తున్నారు, మరునాడు అడిగితే మాత్రం ఒక్కరూ చెప్పలేకపోతున్నారు. ఏ యాప్ వాడితే ఫలితం ఉంటుందని, సొంత డబ్బుతో ఒక ట్యాబ్ కొనుక్కోవాలా అని అడిగారు.

నేను 24 ఏళ్లుగా ఇదే సబ్జెక్టు చెబుతున్నాను. మొదటి పదేళ్లు సుద్దముక్క, నల్లబల్ల తప్ప మరేమీ లేవు. తర్వాత ప్రొజెక్టరు వచ్చింది, ఇప్పుడు ప్యానెల్ వచ్చింది. కొత్త ఉపాధ్యాయుల శిక్షణలకు వెళ్లినప్పుడల్లా మీరు చెప్పిన ఇబ్బందినే ఎవరో ఒకరు చెబుతారు. కాబట్టి లోపం మీ ఒక్కరిదేనని బాధపడకండి.

మీరు ఎంచుకున్న వీడియోలు మంచివే అయి ఉంటాయి. కాని అవి పిల్లలను ఏమీ అడగలేదు. ప్రశ్న వేసింది అదే, జవాబు చెప్పేసిందీ అదే. ఏ విషయం గురించైనా పిల్లల మనసులో అప్పటికే ఒక ఊహ ఉంటుంది. ఆ ఊహను బయటికి తీయించి, నోటుబుక్కులో రాయించి, ఆ తర్వాతే తెర వెలిగించాలి. ముందు పిల్లల ఊహ, ఆపైన తెర. ఇన్నేళ్లలో నాకు నిలకడగా పనిచేసిన పద్ధతి ఇదే. యాప్‌ల పేర్లు కింద చెబుతాను గాని, ఈ వరుస తిరగబడితే వాటిలో ఏదీ మీకు ఉపయోగపడదు.

పదో తరగతి విద్యుత్తు పాఠంలో నేను చేసేది చెబుతాను. ఒకే రకం బల్బులు రెండింటిని శ్రేణిలో, అంటే ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటిగా, కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది? ఈ ప్రశ్న బోర్డు మీద రాసి, పక్కన వలయం బొమ్మ గీస్తాను. రెండు నిమిషాలు గడువు. పక్కవాళ్లతో మాట్లాడకూడదు. జవాబు, దానికి కారణం ఒక్క వాక్యంలో రాయాలి. ఏ ఏడాది అడిగినా సగానికి పైగా పిల్లలు బ్యాటరీకి దగ్గరగా ఉన్న బల్బు అని రాస్తారు. పోయిన ఏడాది ఒక అమ్మాయి రాసిన కారణం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: “మొదటి బల్బు కరెంటు తాగేస్తుంది, మిగిలింది రెండోదానికి వస్తుంది.” ఆమెది వ్యవసాయ కుటుంబం. కాలువ మొదట్లో ఉన్న మడికి నీళ్లు నిండుగా పారడం, చివరి మడికి అందకపోవడం కళ్లారా చూసిన పిల్ల. ఆ అనుభవంలోంచే ఆ ఊహ వచ్చింది. అలాంటి ఊహను “తప్పు” అని ఒక్క మాటతో కొట్టేస్తే పోదు. పరీక్షలో మనం చెప్పిందే రాస్తుంది, మనసులో మాత్రం మొదటి బల్బు కరెంటు తాగుతూనే ఉంటుంది.

అందరూ రాశాక నిజమైన బల్బులు, సెల్లులు, తీగలు బల్ల మీద పెడతాను. తెరను ఇంకా ముట్టుకోను. ఇక్కడ ఒక చిక్కు వస్తుంది, జాగ్రత్త పడండి. షాపులో ఒకే పెట్టెలోంచి తీసిచ్చిన రెండు బల్బులు కూడా అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకటి కొంచెం ఎక్కువ వెలుగుతుంది. అది బ్యాటరీకి దగ్గరున్నదే అయితే సగం తరగతి “చూశారా సార్” అని లేచి నిలబడుతుంది. అప్పుడు కంగారు పడకండి. రెండు బల్బులను హోల్డర్లలోంచి తీసి, వాటి చోట్లు మార్చమని ఒక పిల్లను పిలవండి. ఎక్కువ వెలిగే బల్బు రెండో చోటికి వెళ్లినా ఎక్కువగానే వెలుగుతుంది. తేడా ఉన్నది బల్బులో అని, అది కూర్చున్న చోటులో కాదని పిల్లలే అంటారు. ఈ పని ఏ తెరా చేయలేదు.

తెర చేయగలిగిన పని దీని తర్వాత వస్తుంది. బల్బు వెలగడం కనిపిస్తుంది, తీగలో ఏమి జరుగుతోందో కనిపించదు. ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద మనమే కదిలించి చూసే ప్రయోగాలు, అందుకు పనికొస్తాయి. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. అంతకు ముందు ఏడాదే ఆయన భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. అన్నీ ఉచితం, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. మీకు ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఒక్కో సిమ్యులేషన్‌ను ఒక ఫైలుగా దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. బ్రౌజరు ఉంటే చాలు, తరగతిలో నెట్ అక్కరలేదు.

వలయాలు కట్టే సిమ్యులేషన్‌లో ఎలక్ట్రాన్లు చిన్న చుక్కలుగా కదులుతూ కనిపిస్తాయి. మొదటి బల్బుకు ముందు, రెండింటి మధ్య, రెండోదాని తర్వాత కరెంటును కొలిచే అమ్మీటరు ఒక్కోటి పెట్టాలి. స్విచ్చి వేసే ముందు మళ్లీ ఆగాలి. మూడు అమ్మీటర్లలో ఏది ఎక్కువ చూపిస్తుంది? చేతులు ఎత్తించండి, సంఖ్యలు బోర్డు మీద రాయండి, అప్పుడు స్విచ్చి వేయండి. మూడూ ఒకే విలువ చూపించినప్పుడు ఆ గదిలో వచ్చే నిశ్శబ్దం కోసమే నేను ఈ పాఠానికి ఎదురు చూస్తాను. కాలువ గురించి ఆలోచించిన అమ్మాయి ఆ రోజు కాసేపు తెరనే చూస్తూ కూర్చుని, “అయితే బల్బు తీసుకుంటున్నది దేన్ని సార్?” అని అడిగింది. విద్యుత్ ప్రవాహం ఒకటి, శక్తి ఒకటి అని చెప్పడానికి నాకు అంతకంటే మంచి దారి దొరకదు. కరెంటును నడిపించే పొటెన్షియల్ భేదం గురించి ఆ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాను.

ఆ పీరియడ్ 45 నిమిషాల్లో తెర వెలిగి ఉన్నది ఏడెనిమిది నిమిషాలు. అయినా దాన్ని డిజిటల్ పాఠం కాదని ఎవరూ అనలేరు.

వీడియోలు మానేయమని నా ఉద్దేశం కాదు. వాటిని చిన్న ముక్కలుగా వాడండి, వీలైతే శబ్దం ఆపేసి వాడండి. బొమ్మ కదులుతుంటే మాట మీరు చెప్పండి. మన పిల్లల్లో చాలామంది ఇంగ్లిష్ మీడియంలో ఉన్నా ఆలోచించేది తెలుగులోనే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి పుస్తకాలను ఒక పక్క ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగుగా అచ్చు వేయడం మొదలైంది. పిల్లలు అర్థం కాని చోట చటుక్కున ఎదురు పేజీకి వెళ్లడం మీరు గమనించే ఉంటారు. వీడియోకు అలాంటి ఎదురు పేజీ లేదు. దాని వేగం దానిది. మీరు గొంతు కలిపితే, మీ ఊరి మాటలో చెబితే, ఎక్కడ ఆపాలో మీ చేతిలో ఉంటే ఆ లోటు తీరుతుంది. నేను మూడు నిమిషాల వీడియోను కనీసం నాలుగు చోట్ల ఆపుతాను. ఆపే చోట్లు ముందురోజు రాత్రే లెసన్ ప్లాన్‌లో రాసుకుంటాను: ఏ నిమిషం, ఏ సెకను, అక్కడ ఏ ప్రశ్న.

పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లను కూడా ఇదే విధంగా వాడండి. దీక్ష అనే కేంద్ర ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదికను 2017 సెప్టెంబరు 5న ప్రారంభించారు. ఆ కోడ్‌లు అక్కడికే తీసుకువెళతాయి. ఇంట్లో మంచి సిగ్నలు ఉన్నప్పుడు యాప్‌లో దించుకోండి. బడిలో పిల్లల ముందు నిలబడి డౌన్‌లోడ్ పెట్టకండి. తెర మీద సుడి తిరుగుతుంటే 42 మంది చూపు చెదిరిపోతుంది. ఆ చూపును మళ్లీ కూడగట్టడానికి పది నిమిషాలు పడుతుంది.

ఇప్పుడు తొమ్మిదో తరగతి ధ్వని పాఠం. దీనికి ప్యానెల్ కూడా అక్కరలేదు, రెండు ఫోన్లు చాలు. ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది. జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2016లో విడుదల చేసింది. ఫోనులో ఉండే మైకు, త్వరణం కొలిచే సెన్సరు, అయస్కాంత సెన్సరు వంటివాటిని ప్రయోగ పరికరాలుగా మారుస్తుంది. ఒకసారి ఫోనులోకి ఎక్కిస్తే నెట్ లేకుండా నడుస్తుంది. అందులో చప్పుడుతో మొదలై చప్పుడుతో ఆగే స్టాప్‌వాచ్ ఉంది. దానితో గాలిలో ధ్వని వేగం కొలవవచ్చు.

మా బడి వరండాలో టేపుతో కొలిచి సరిగ్గా 5 మీటర్ల దూరంలో రెండు గీతలు గీశాము. ఒక గీత మీద నా ఫోను, రెండో గీత మీద లెక్కల మాస్టారి ఫోను. రెండూ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాము, మధ్యలో కాల్ వస్తే పని చెడుతుంది. మొదటి ఫోను పక్కన ఒక అబ్బాయి చప్పట్లు కొట్టాలి, ఒక్కసారే, గట్టిగా. మొదటి ఫోను వెంటనే మొదలవుతుంది, ధ్వని 5 మీటర్లు ప్రయాణించాక రెండోది మొదలవుతుంది. తర్వాత రెండో ఫోను పక్కన ఒక అమ్మాయి చప్పట్లు కొట్టాలి. ఈసారి రెండోది ముందు ఆగుతుంది, మొదటిది ఆలస్యంగా ఆగుతుంది. రెండు ఫోన్లు చూపించే కాలాల మధ్య తేడా అంటే ధ్వని 10 మీటర్లు వెళ్లడానికి పట్టిన సమయం. ఇది పిల్లలకు వెంటనే అందదు. బోర్డు మీద రెండు గీతలు గీసి, ఏ క్షణాన ఏ ఫోను ఏమి విన్నదో వాళ్లతోనే గుర్తు పెట్టించండి. పది నిమిషాలు పట్టినా తొందరపడవద్దు, పాఠమంతా అందులోనే ఉంది.

మొదటి ప్రయత్నం చెడిపోయింది. వరండా చివర మధ్యాహ్న భోజనం పళ్లేలు కడుగుతున్నారు. ఆ చప్పుడుకే ఒక ఫోను మొదలై ఆగిపోయింది. యాప్‌లో ఎంత గట్టి చప్పుడుకు స్పందించాలో మార్చుకునే వీలుంది. అది పెంచాము. ప్రతిధ్వనికే ఆగిపోకుండా మొదలైన తర్వాత కాసేపటి వరకు వినకుండా ఉండే సమయం కూడా పెట్టుకోవచ్చు. అదీ సరిచేశాక తేడా 0.029 సెకన్లు వచ్చింది. 10ని దానితో భాగిస్తే సెకనుకు సుమారు 345 మీటర్లు. 22 డిగ్రీల దగ్గర 344 అని పుస్తకంలో చూసిన పిల్లలు కేకలు పెట్టారు.

నేను అక్కడితో ఆపలేదు. మళ్లీ చేయించాను. ఒకసారి 0.030 వచ్చింది, అంటే 333. ఒకసారి 0.028, అంటే 357. సెకనులో వెయ్యో వంతు తేడా వస్తే జవాబు 12 మీటర్లు మారిపోతోంది. “ఏది నిజం సార్?” అన్నారు. ఈ పొరపాటును ఎలా తగ్గిద్దామని అడిగి ఊరుకున్నాను. రెండు నిమిషాల తర్వాత ఎవరో “దూరం పెంచుదాం” అన్నారు. ఫోన్లను 10 మీటర్ల దూరంలో పెట్టాము, తేడా రెట్టింపు అయింది, అదే వెయ్యో వంతు పొరపాటుకు జవాబు మునుపటిలో సగమే కదిలింది. కొలతలో దోషం అనే పాఠాన్ని నేను అంతకు ముందు ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు ఇంతగా పట్టుకోలేదు.

మీ ఇంకొక బాధ, 42 మందిలో ఎవరికి అర్థమైందో తెలియడం లేదన్నది. దానికి ప్లికర్స్ అనే యాప్ వాడండి. పిల్లల చేతిలో ఫోను ఉండనవసరం లేదు, మీ ఒక్కరి ఫోను చాలు. ఒక్కొక్కరికి ఒక కాగితం కార్డు ఇస్తాము. దాని మీద నలుపు తెలుపు గళ్ల బొమ్మ ఉంటుంది, ప్రతి కార్డు బొమ్మ వేరు. నాలుగు అంచుల మీద ఎ, బి, సి, డి అని చిన్న అక్షరాలు. తమ జవాబు పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటారు. మీరు ఫోను కెమెరాను గది అంతా తిప్పితే ఎవరు ఏమి చెప్పారో ఫోనులో పడుతుంది. అక్షరాలు చిన్నవి కాబట్టి పక్కవాళ్లు చూసి పెట్టడం కుదరదు. మందపాటి కాగితం మీద ప్రింటు తీయించండి. మెరిసే ల్యామినేషన్ వేయించవద్దు, వెలుతురు పడితే కెమెరా చదవలేదు. బొమ్మ మీద వేళ్లు పడకుండా పట్టుకోవడం మొదటి రోజే నేర్పాలి. దీనికి నెట్ కావాలి, కాని ఫోను హాట్‌స్పాట్ సరిపోతుంది. కార్డు నంబరు, రోల్ నంబరు ఒకటే ఉంచండి, యాప్‌లో పేర్లు రాయకుండా పని జరిగిపోతుంది.

ప్రశ్నలు తయారుచేసేటప్పుడు తప్పు జవాబులను మీరు ఊహించి రాయకండి. పిల్లల నోటుబుక్కుల్లోంచి తీసుకోండి. “మొదటి బల్బు” అన్నది అలా వచ్చిన జవాబే. ఫలితాలను ప్యానెల్ మీద పేర్లతో, ఎరుపు పచ్చ రంగులతో చూపించకండి. ఎంతమంది ఏ జవాబు పెట్టారో మాత్రమే చూపించండి. ఎక్కువమంది తప్పు పెట్టారంటే పక్కవాళ్లతో మూడు నిమిషాలు వాదించుకోమని చెప్పి, మళ్లీ అదే ప్రశ్న అడగండి. మా బడిలో వెనక బెంచీలో ఎప్పుడూ నోరు తెరవని అబ్బాయి ఒకడు నాలుగు వారాల పాటు దాదాపు ప్రతి జవాబూ సరిగ్గా పెట్టాడు. అంతవరకు నేను ఆ అబ్బాయిని చదువులో వెనకబడినవాడిగా లెక్కవేశాను. చేయి ఎత్తేవాళ్లనే చూసే అలవాటు ఎంత అన్యాయమో అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి వాదన సమయంలో ఆ బెంచీ దగ్గరే నిలబడటం మొదలుపెట్టాను.

రోజూ డిజిటల్ పాఠం కావాలన్న హెచ్‌ఎం గారి మాట గురించి. ఆయన మీద పైనుంచి ఒత్తిడి ఉంటుంది, అది కూడా మీరు అర్థం చేసుకోవాలి. ఎదురు చెప్పే బదులు మీ లెసన్ ప్లాన్ చూపించండి, ఒక్క పీరియడ్ వచ్చి వెనక బెంచీలో కూర్చోమని అడగండి. మాట వస్తే ఈ విషయాలు చెప్పండి. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ 2015లో ఇచ్చిన నివేదిక ప్రకారం, బడుల్లో కంప్యూటర్ల మీద భారీగా ఖర్చు పెట్టిన దేశాల్లో పీసా అనే అంతర్జాతీయ పరీక్షలో పిల్లల ఫలితాలు చెప్పుకోదగ్గంతగా మెరుగుపడలేదు. పెరూ దేశంలో పల్లె బడుల పిల్లలకు లాప్‌టాప్‌లు పంచాక చేసిన అధ్యయనంలోనూ లెక్కలు, భాషలలో మార్పు కనిపించలేదు. పరికరం చేతికివ్వడం వల్ల మాత్రమే చదువు రాలేదన్నమాట.

మరో పక్క ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే కంప్యూటర్ కార్యక్రమం మీద కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు పరిశోధకులు చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. బడి అయ్యాక కేంద్రాలకు వచ్చిన పిల్లలకు నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో స్పష్టమైన మెరుగుదల వచ్చింది. కారణం ఏమిటో చూడండి. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. ఆ కార్యక్రమం వాళ్లకు ఆరో తరగతి లెక్కలు ఇవ్వలేదు, ఒక్కొక్కరు ఎక్కడ ఆగిపోయారో అక్కడి నుంచి ఇచ్చింది. పైగా ఆ కేంద్రాల్లో చిన్న బృందాలకు చెప్పే సహాయకులు కూడా ఉన్నారు. మనం ప్యానెల్ మీద 42 మందికీ ఒకే వీడియో వేసినప్పుడు చేస్తున్నది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులు ఇచ్చారు. మీ బడిలో పనిచేసే ట్యాబులు ఏవైనా మిగిలి ఉంటే వాటిని అందరికీ ఒకే పాఠం చూపించడానికి కాకుండా, భిన్నాలు రాని నలుగురికి భిన్నాలు, సమీకరణాల దగ్గర తడబడే ఐదుగురికి సమీకరణాలు అన్నట్టు వాడండి. భౌతికశాస్త్రంలో సగం కష్టం లెక్కల నుంచే వస్తుంది.

ఇంటిపని మాత్రం ఫోనుతో ముడిపెట్టకండి. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ టీవీ ఛానెళ్ల ద్వారా పాఠాలు ప్రసారం చేసిన రోజులు గుర్తుండే ఉంటాయి. ఆ ఏర్పాటు లేకపోతే ఎందరో పిల్లలకు ఆ ఏడాది ఏమీ అందేది కాదు. కాని ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పాటు పనికి వెళ్లిపోతుందని, చూసిన పాఠంలో సందేహం వస్తే అడగడానికి ఎవరూ ఉండరని అప్పుడే తెలుసుకున్నాము. పిల్లలను వాట్సాప్‌లో వర్క్‌షీట్ చూడమంటే చూడగలిగినవాళ్లు, చూడలేనివాళ్లు అని తరగతి రెండుగా చీలిపోతుంది. అది మనమే చేసిన చీలిక అవుతుంది.

పిల్లల ఫోటోలు, మార్కుల పట్టికలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం గురించి కూడా ఒక మాట. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు పిల్లల సమాచారం వాడుకునే సంస్థలకు తల్లిదండ్రుల అనుమతిని తప్పనిసరి చేసింది. పిల్లల పేరు, పుట్టిన తేదీ, ఇంటి ఫోను నంబరు అడిగే యాప్ అయితే అది ఎంత బాగున్నా పక్కన పెట్టండి. చట్టం సంగతి అలా ఉంచినా, తక్కువ మార్కులు వచ్చిన పిల్ల పేరు 200 మంది ఉన్న గ్రూపులో కనిపించడం ఆ పిల్లకు ఎలా ఉంటుందో మనకు తెలుసు.

కృత్రిమ మేధతో ప్రశ్నపత్రాలు తయారు చేయవచ్చా అన్నారు. ముసాయిదా వరకు వాడండి, ప్రతి వాక్యం మీరు చదవకుండా పిల్లల చేతికి ఇవ్వకండి. తెలుగు పారిభాషిక పదాల దగ్గర అది తరచూ తడబడుతుంది. మన పుస్తకాల్లో బలం, శక్తి, సామర్థ్యం మూడు వేర్వేరు రాశులు. న్యూటన్లలో కొలిచేది బలం, జౌళ్లలో కొలిచేది శక్తి, వాట్లలో కొలిచేది సామర్థ్యం. యంత్రం ఇచ్చిన తెలుగులో ఈ మూడింటికీ “శక్తి” అని పడిన ప్రశ్నలు నేను ఎన్నో దిద్దాను. అలాంటి ప్రశ్న ఒక్కటి వెళితే పిల్లలు నెల రోజులు కష్టపడి నేర్చుకున్న తేడా చెరిగిపోతుంది. సంఖ్యలతో కూడిన సమస్యలైతే మీరు స్వయంగా ఒకసారి సాధించి చూశాకే ఇవ్వండి.

మీ తోటి ఉపాధ్యాయులు అడిగారన్నారు కాబట్టి మిగతా సబ్జెక్టుల గురించి క్లుప్తంగా. లెక్కలకు జియోజీబ్రా అనే యాప్ చాలు, బొమ్మలు గీసి కదిలించవచ్చు, నెట్ లేకుండా నడుస్తుంది. త్రిభుజం ఒక శీర్షాన్ని లాగుతూ ఏది మారుతోంది, ఏది మారడం లేదు అని అడగడమే దాని అసలు ఉపయోగం. తెలుగు మేడమ్ గారికి స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులోని కథల గురించి చెప్పండి. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టింది. తెలుగు కథలను ఉచితంగా దించుకుని ప్రింటు కూడా తీసుకోవచ్చు. చదవడం తడబడే పిల్లలకు ఫోనులో మాటను అక్షరాలుగా మార్చే సదుపాయం కూడా పనికొస్తుంది. అయితే పిల్ల తన యాసలో సరిగ్గా చదివినా ఫోను తప్పుగా రాసే సందర్భాలు ఉంటాయి. అప్పుడు తప్పు ఫోనుదని పిల్లకు గట్టిగా చెప్పాలి. సాంఘికశాస్త్రానికి గూగుల్ ఎర్త్‌లో 1984 నుంచి తీసిన ఉపగ్రహ చిత్రాల వరుస ఉంది. కొల్లేరు దగ్గర ఆపి ఏడాదికేడాది నడిపితే చేపల చెరువుల గట్లు సరస్సును ఎలా కమ్ముకున్నాయో, 2006లో గట్లు కొట్టేశాక ఏమైందో పిల్లలు వేలు పెట్టి చూపించగలుగుతారు.

ఖగోళానికి స్టెల్లేరియం, అంటే ఏ చోటి నుంచైనా ఏ రోజైనా ఆకాశం ఎలా కనిపిస్తుందో చూపించే సాఫ్ట్‌వేర్, నా ఇష్టమైన సాధనం, కాబట్టి దాని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. ఉచితం, నెట్ లేకుండా నడుస్తుంది. ప్రదేశాన్ని హైదరాబాదు సమీపంలోని జపాల్-రంగాపూర్‌గా, తేదీని 1980 ఫిబ్రవరి 16గా పెట్టి, మధ్యాహ్నం దాటాక కాలాన్ని నెమ్మదిగా నడపండి. ఆ రోజు అక్కడి ఉస్మానియా విశ్వవిద్యాలయ వేధశాల నుంచి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించారు. పట్టపగలు తెర చీకటిపడి, చుక్కలు బయటికి వస్తాయి. దీన్ని చూపించే ముందురోజు పిల్లలకు ఇచ్చే పని ఇది: ఇంట్లో పెద్దవాళ్లను ఆ గ్రహణం రోజు ఎక్కడ ఉన్నారో, ఏమి చేశారో అడిగి రాసుకుని రండి. నాకు వచ్చిన కాగితాల్లో తలుపులు వేసుకుని కూర్చున్న అమ్మమ్మలు ఉన్నారు, నీళ్ల బిందెలో నీడ చూసిన తాతయ్యలు ఉన్నారు, కోళ్లు గూటికి చేరడం గమనించిన మేకల కాపరి ఉన్నాడు. ఆ తర్వాత తెర మీద గ్రహణం నడుస్తుంటే పిల్లలు తమ ఇంటి మనుషులను అందులో చూసుకున్నారు.

పనిలో పనిగా కొన్ని జాగ్రత్తలు. పాఠానికి ముందు ప్యానెల్ మీద నాలుగు వాక్యాలు రాసి, వెళ్లి చివరి బెంచీలో కూర్చుని చదవండి. మీకు కనిపించకపోతే పిల్లలకూ కనిపించదు. కిటికీ ఎండ తెర మీద పడే పీరియడ్‌లో దాన్ని వాడకండి, లేదా టైంటేబుల్ మార్పించుకోండి. ప్యానెల్ పక్కనే సుద్దముక్క బోర్డు ఉంటే పొడి లోపలికి పోతుంది, రోజూ పొడి గుడ్డతో తుడవాలి. కరెంటు పోతే ఏమి చేయాలో లెసన్ ప్లాన్‌లో ముందే ఒక గీత కింద రాసుకోండి. ఊహ ముందే రాయించి ఉంటే కరెంటు పోయినా పాఠం ఆగదు, వాదన నడుస్తుంది. ఇక ఈ ఏడాదికి రెండు సాధనాలకు మించి మొదలుపెట్టకండి. మీ విషయంలో ఫెట్, ప్లికర్స్ అంటాను. ఫైఫాక్స్ వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

ట్యాబ్ కొనవద్దు. మీ ఫోను, బడి ప్యానెల్, ఒక 32 జీబీ పెన్‌డ్రైవ్ మీ అవసరానికి సరిపోతాయి. ఖర్చు పెట్టాలని ఉంటే టార్చి బల్బులు రెండు డజన్లు, హోల్డర్లు, సెల్లులు, తీగలను పట్టి ఉంచే మొసలి క్లిప్పులు కొనండి. ఎల్ఈడీలు వచ్చాక ఫిలమెంటు టార్చి బల్బులు మామూలు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరకడం తగ్గింది, సైన్సు పరికరాలు అమ్మే షాపులో అడగండి. అన్నీ ఒకే వోల్టేజీవి కావాలని గట్టిగా చెప్పండి. ఇంటికి తెచ్చాక ఒక్కో బల్బును ఒకే సెల్లుకు తగిలించి చూసి, సమానంగా వెలిగేవాటిని జంటలుగా కట్టి పెట్టుకోండి. ఒక్క జంట మాత్రం తేడా ఉన్నదే ఉంచండి, చోట్లు మార్చి చూపించడానికి కావాలి.